మరపుశాల

1743 మార్చిలో లిస్బన్ నగరంలో జాన్ కౌస్టోస్ అనే రత్నాల పనివాణ్ణి మతవిచారణ న్యాయస్థానం బంధించింది. స్విట్జర్లండులో పుట్టి, లండనులో వృత్తి నేర్చి, పోర్చుగల్ చేరి అక్కడ ఫ్రీమేసన్ల లాడ్జి నడిపిన మనిషి అతడు. విచారణకర్తలకు కావలసింది ఒక్కటే: తలుపులు మూసుకుని మీరు చేసేదేమిటి? కౌస్టోస్ చెప్పేశాడు. కొత్తగా చేరేవాడి కళ్ళకు గంతలు కడతాం, బైబిలు మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయిస్తాం, తాపీపని పనిముట్లకు నీతి అర్థాలు చెబుతాం, ఆపైన కలిసి భోంచేస్తాం. ఇది విని వారు నమ్మలేదు. గొంతు కోయించుకుంటాను గాని రహస్యం చెప్పనని అంత ఘోరమైన ప్రతిజ్ఞ చేసేది ఇంత చిన్న సంగతి కోసమా? ఇంకేదో ఉండి తీరాలి. ఆ ఇంకేదో కోసం అతణ్ణి హింసాయంత్రం ఎక్కించారు.

జాన్ డికీ రాసిన ‘ద క్రాఫ్ట్’ (2020) ఈ ఘట్టంతోనే మొదలవుతుంది. నాలుగేళ్ళ నౌకాదాస్యం శిక్ష పడ్డ కౌస్టోస్ ఇంగ్లండు ప్రభుత్వం జోక్యంతో విడుదలై, 1746లో లండనులో తన కథ అచ్చువేసుకున్నాడు. ఎంత హింసించినా నోరు విప్పలేదని అందులో చెప్పుకున్నాడు. లిస్బన్ దస్త్రాలలో మాత్రం అతని వాంగ్మూలం పూసగుచ్చినట్టు ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి సగంలో లాడ్జిలో ఏం జరిగేదో తెలుసుకోవాలంటే చరిత్రకారుడికి ఇవాళ దక్కే నమ్మదగిన ఆధారాలలో ఆ వాంగ్మూలం ఒకటి. దాచమన్నవారు ఏమీ మిగల్చలేదు, హింసించినవారు భద్రపరిచారు.

ఇక్కడ ఒక మాట. మన ఊళ్ళలో లాడ్జి అంటే బస్టాండు ఎదుట అద్దెకు దొరికే గదులు. ఈ వ్యాసంలో లాడ్జి అంటే ఫ్రీమేసన్ల స్థానిక శాఖ, వారు సమావేశమయ్యే మందిరం కూడా. అలాంటి లాడ్జీలను కలిపి పాలించేది గ్రాండ్ లాడ్జి. మొట్టమొదటి గ్రాండ్ లాడ్జి 1717లో లండనులోని ఒక సారాయి దుకాణంలో పుట్టిందని ఆ సంఘం నమ్మకం. 1721కి ముందు అది లేనేలేదని ఆండ్రూ ప్రెస్కట్, సూజన్ మిచెల్ సోమర్స్ అనే చరిత్రకారులు ఇటీవల వాదించారు. పుట్టినరోజు దగ్గరే పాఠభేదం అన్నమాట.

ఫ్రీమేసన్లు ఏదో మహారహస్యాన్ని దాచారన్నది లోకంలో ఉన్న అభిప్రాయం. పుస్తకాలు తిరగేసేకొద్దీ నాకు మరొకటి తోచింది. వారి క్రతువు తొలినుంచీ వీధిలోనే ఉంది, అణాకో అర్ధణాకో దొరికేది. దొరకనిది ఏది అసలు పాఠం అనే ప్రశ్నకు జవాబు. రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే రెండూ కాగితం మీద ఉండాలి. కాగితం మీద పెట్టడమే నేరమైనచోట ఎవరికి వారే ‘అనాదిగా ఇలాగే చేస్తున్నాం’ అనుకోవచ్చు. ఎదుటివాణ్ణి కొత్తవాడనవచ్చు.

1730లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే లండను వాసి ‘మేసన్రీ డిసెక్టెడ్’ అనే చిన్న పుస్తకం వేశాడు. పేరులోనే శవపరీక్ష ఉంది. వైద్యుడిగా నాకు ఆ పేరు నచ్చింది. మూడు మెట్ల దీక్షనూ ప్రశ్నోత్తరాల రూపంలో బయటపెట్టిన ఆ పుస్తకం వేడివేడిగా అమ్ముడుపోయింది. అది చదివి సంకేతపదాలు బట్టీపట్టి, చందా కట్టకుండా లాడ్జిలో చొరబడి, ఆపదలో ఉన్న సోదరుడినంటూ దానం అడిగేవాళ్ళు బయలుదేరారు. గ్రాండ్ లాడ్జి దానికి కనిపెట్టిన మందు విచిత్రమైనది. మొదటి మెట్టుకు, రెండవ మెట్టుకు సంబంధించిన పదాలను తారుమారు చేసింది. దొంగ పాత వరస చెప్పి పట్టుబడతాడని ఎత్తు.

దొంగలు ఎందరు పట్టుబడ్డారో గాని ఇల్లు మాత్రం చీలింది. లండనులో ఉంటున్న ఐర్లండు వాళ్ళు కొందరు ఆ మార్పును ఒప్పుకోక 1751లో వేరే గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు. దానికి ప్రాణం పోసినవాడు లారెన్స్ డెర్మట్, వృత్తిరీత్యా రంగులు వేసే పనివాడు, కలం పట్టుకుంటే పదును. తమకు ‘ప్రాచీనులు’ అని పేరు పెట్టుకున్నారు. ముప్పైనాలుగేళ్ళు పెద్దదైన పాత సంస్థకు ‘ఆధునికులు’ అని వెక్కిరింపు పేరు తగిలించారు. ఆ వెక్కిరింపే చరిత్రలో స్థిరపడింది. పిల్ల తల్లిని నువ్వు నిన్నగాక మొన్న పుట్టావు అన్నట్టు.

మరి ఆ ప్రాచీనుల క్రతువు ఎలా ఉండేది? వారు రాయలేదు. 1760లో ‘త్రీ డిస్టింక్ట్ నాక్స్’ అనే పేరుతో మరో బండారం బయటపెట్టే పుస్తకం వచ్చింది. ఇవాళ మనకు తెలిసినది చాలావరకు దానివల్లనే. రెండేళ్ళకు ‘జాకిన్ అండ్ బోయజ్’ వచ్చి ముద్రణ మీద ముద్రణ పొందింది. వీటిని కొన్నవారిలో పామరుల ఆసక్తి కొంతే. వల్లెవేయడానికి ఆధారం లేక తంటాలు పడుతున్న ఫ్రీమేసన్లే చాటుగా కొని జేబులో పెట్టుకునేవారు. ద్రోహి రాసిన పుస్తకం భక్తుడి పాఠ్యపుస్తకమైంది. ఆధునికులు దొంగల కోసం తారుమారు చేసిన ఆ పదాల వరస ఫ్రాన్సుకు ఎగుమతి అయి, ఫ్రెంచ్ రీతి అనే పద్ధతిలో ఇప్పటికీ అలాగే నిలిచి ఉంది. ఇంగ్లండులో తాళం మార్చి మళ్ళీ పాత తాళమే బిగించారు; ఫ్రాన్సులో ఆ మధ్యకాలపు తాళంచెవి మిగిలిపోయింది.

రాయకపోవడం అనే ఈ నియమం ఎక్కడిది? డేవిడ్ స్టీవెన్సన్ 1988లో వెలువరించిన ‘ది ఆరిజిన్స్ ఆఫ్ ఫ్రీమేసన్రీ’ దీనికి మంచి జవాబు చెబుతుంది. స్కాట్లండు రాజు ఆరవ జేమ్స్ కొలువులో కట్టడాల అధికారి విలియం షా. ఆయన 1598లో, 1599లో రాళ్ళపనివారి లాడ్జీలకు రెండు శాసనాలు చేశాడు. రెండవ శాసనంలో ఒక వింత నిబంధన ఉంది: పనివారిని ఏటా ధారణావిద్యలో పరీక్షించాలి, తప్పినవారు జరిమానా కట్టాలి. ఆ కాలపు యూరపులో ధారణావిద్య అంటే ఒట్టి బట్టీయం కాదు. మనసులో ఒక భవనాన్ని కట్టుకుని, దాని గదులలో, స్తంభాల దగ్గర విషయాలను ఉంచి, అవసరమైనప్పుడు ఆ భవనంలో నడుస్తూ వాటిని తీసుకోవడం. లాడ్జి గది, అందులోని రెండు స్తంభాలు, తూర్పున గురుపీఠం అనే అమరిక ఆ మనోభవనపు జాడేనని స్టీవెన్సన్ సూచన. నాకది ఒప్పుదలగా ఉంది. నిజం భవనాలు కట్టేవాళ్ళు మనసులో భవనం కట్టడం సహజం కదా.

ధారణ అనగానే మనకు అవధానులు, ఘనపాఠులు గుర్తుకొస్తారు. పోలిక అక్కడ ఎంతదూరం వెళుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. వేదాన్నీ రాయవద్దన్నారు. కాని రాయవద్దన్నవారే పదపాఠం, క్రమం, జట, ఘన అని పదాలను ముందుకూ వెనుకకూ తిప్పి వల్లించే పద్ధతులు ఏర్పరచారు. ఒకచోట అక్షరం జారితే మరొకచోట దొరికిపోతుంది. అంటే నోటిలోనే పరిష్కర్త కూర్చుని ఉన్నాడు. శాఖాభేదాన్ని కూడా దాచలేదు. ప్రవర చెప్పేటప్పుడు ఏ సూత్రం, ఏ శాఖ అన్నది పేరుతోపాటు చెప్పుకుంటారు. ఫ్రీమేసన్లకు ఘనపాఠం లేదు. వారిది ఎక్కువగా మన సంగీతకారుల పాఠాంతరం లాంటిది. త్యాగరాజ కృతి ఒకటే అయినా వాలాజాపేట శిష్యులది ఒక తీరు, ఉమయాళ్పురం వారిది మరొకటి, తిల్లైస్థానం వారిది ఇంకొకటి. అయితే కచేరీ నలుగురిలో జరుగుతుంది గనుక ఎవరి పాఠాంతరం ఏమిటో శ్రోతకు తెలిసిపోతుంది. లాడ్జికి శ్రోతలు లేరు.

ఇక్కడ ఖైతాన్‌లో ఎవరింట్లోనైనా వ్రతం జరిగితే రాజంపేట వాళ్ళూ, కోనసీమ వాళ్ళూ, కరీంనగరం వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుంటారు. కథ సగంలో ఉండగానే ‘మా ఊళ్ళో ఇలా చేయరండీ’ అని ఒక గొంతు లేస్తుంది. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం వారివారి ఆచారం వారికి ఆచారమే. ఎడారికి వచ్చాకే అది అనేకాలలో ఒకటని తెలుస్తుంది. ఇంగ్లండు ఫ్రీమేసన్లకు ఈ అనుభవం 1813లో ఎదురైంది.

ఆ ఏడు డిసెంబరు 27న ప్రాచీనులూ ఆధునికులూ ఏకమయ్యారు. రెండు పక్షాలకూ అధిపతులు రాజకుమారులైన అన్నదమ్ములు. సస్సెక్స్ ప్రభువు, కెంట్ ప్రభువు. సంధి కుదిరింది సరే, క్రతువు ఎవరిది? రెండింటినీ సమన్వయపరచడానికి ‘లాడ్జ్ ఆఫ్ రికన్సిలియేషన్’ అనే తాత్కాలిక సంఘం వేశారు. అది 1816 వరకు పనిచేసింది. ఒప్పందానికి వచ్చిన పాఠాన్ని ప్రదర్శించి చూపితే, దూరప్రాంతాల లాడ్జీల నుంచి వచ్చినవారు చూసి, విని, ఊరికి వెళ్ళి నేర్పాలి. రాసుకోవడానికి వీల్లేదు. ఫలితం ఊహించడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. గుర్రపుబండిలో మూడు రోజులు కూర్చుని ఇల్లు చేరిన మనిషికి ఎంత గుర్తుంటే ఆ ఊరి క్రతువు అంత. కొన్నిచోట్ల పాతదే కొత్తదని చెప్పి నడిపించారు. బ్రిస్టల్ వాళ్ళు తమ పద్ధతిని వదలనేలేదు. ఏకత్వం కోసం పెట్టిన సభ నుంచే ‘స్టెబిలిటీ’ (1817), ‘ఎమ్యులేషన్’ (1823) అనే రెండు బోధనా లాడ్జీలు, రెండు పాఠాలు వచ్చాయి. తామే సభ తేల్చిన పాఠాన్ని పొల్లుపోకుండా కాపాడుతున్నామని రెండూ చెప్పుకున్నాయి.

ఎమ్యులేషన్ లాడ్జిలో ఒక ముచ్చటైన సంప్రదాయం ఉంది. దీక్ష జరిపించే పాత్రను ఒక్క మాట కూడా అందించనవసరం లేకుండా ఆసాంతం నడిపినవాడికి వెండి అగ్గిపెట్టె బహుమానం. అలాగని అందరికీ అంత ధారణ ఉంటుందా? రికన్సిలియేషన్ సభలకు స్వయంగా హాజరైన జార్జ్ క్లారెట్ 1838లో క్రతువును అచ్చువేశాడు, ముఖ్యపదాల బదులు పొడి అక్షరాలు పెట్టి. ముక్కలు కొరికినట్టున్న ఆ అచ్చును ఫ్రీమేసన్లు ఎగబడి కొన్నారు. ఎమ్యులేషన్ వారు అధికారికంగా తమ పాఠాన్ని ముద్రించింది మాత్రం 1969లో. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన సంవత్సరం!

వృత్తిరహస్యం గురించి మా వైద్యులకు ఇతరులను వేలెత్తి చూపే అర్హత లేదు. హిపొక్రటీసు ప్రతిజ్ఞలోనే ఈ విద్యను ప్రమాణం చేసిన శిష్యులకు తప్ప ఇతరులకు చెప్పనన్న మాట ఉంది. ఛాంబర్లెన్ కుటుంబం ప్రసవం కష్టమైనప్పుడు బిడ్డను బయటికి తీసే పట్టుకారును నూరేళ్ళకు పైగా దాచుకుని, తరతరాలు రాజమందిరాల్లో సంపాదించింది. ఆ కాలంలో ఎందరు తల్లులు చనిపోయారో లెక్కకట్టేవారు లేరు. ఎసెక్స్‌లో వారి పాత ఇంటి నేల పలకల కింద ఆ పనిముట్లు దొరికింది 1813లో. ఫ్రీమేసన్ల సంధి జరిగిన ఏడే కావడం కాకతాళీయం. తేడా ఏమిటంటే ఛాంబర్లెన్ల పెట్టెలో నిజంగా ఒక వస్తువు ఉంది.

ఖాళీ పెట్టె కూడా మనిషిని చంపగలదు. 1826లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియా ఊళ్ళో విలియం మోర్గన్ అనే అతడు లాడ్జి క్రతువును అచ్చువేస్తానని ప్రకటించాడు. చిన్న అప్పు కేసులో జైల్లో పెట్టించి, అప్పు తీర్చి విడిపించి, బండిలో ఎక్కించి తీసుకుపోయారు. ఆ తర్వాత అతడు ఎవరికీ కనిపించలేదు. పుస్తకం మాత్రం అదే ఏడు వెలువడింది. అందులో ఉన్నదంతా దాదాపు నూరేళ్ళుగా లండనులో అమ్ముడవుతున్న సరుకే. కిడ్నాపు చేసినవారికి నామమాత్రపు శిక్షలు పడడంతో జనం మండిపడి ఒక రాజకీయపక్షమే పెట్టారు. 1832 అధ్యక్ష ఎన్నికలలో ఆ పక్షం వెర్మాంట్ రాష్ట్రాన్ని గెలిచింది. కోయడం, చీల్చడం వంటి శిక్షల ప్రస్తావనను ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి ప్రమాణవాక్యం నుంచి తొలగించింది 1986లో. అవి ఒట్టి అలంకారాలని అంతవరకూ చెబుతూ వచ్చారు. మోర్గన్ భార్యకు ఆ అలంకారశాస్త్రం ఎవరు బోధించారో.

ప్రభుత్వాలు కూడా ఆ తలుపును అనుమానించాయి. ఈజిప్టులో 1964లో నాసర్ పాలన లాడ్జీలను మూయించింది. పాకిస్తానులో 1972లో భుట్టో ప్రభుత్వం నిషేధించింది. లోపల ఏముందో తెలియనప్పుడు బయటివాడు తన భయాన్నే లోపల పెట్టి చూస్తాడు. లిస్బన్ విచారణకర్తలు చేసినదీ అదే.

మన దేశానికి ఈ వ్యవస్థ కంపెనీ ఓడల మీద వచ్చింది. 1730 నాటికి కలకత్తాలో, 1752లో మద్రాసులో లాడ్జీలు వెలిశాయి. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు గ్రాండ్ లాడ్జీలు మూడూ ఇక్కడ శాఖలు పెట్టాయి. ఒకే ఊళ్ళో మూడు ఏలుబడులు, మూడు ఒరవడులు. స్కాట్లండులో ఏ లాడ్జి క్రతువు ఆ లాడ్జిదే. ఐర్లండు వారిది నోటిపాఠం. కంటోన్మెంటులో ఒక పటాలం వెళ్ళి మరో పటాలం వచ్చిందంటే క్రతువు యాస కూడా మారిపోయేది. జెస్సికా హార్లండ్-జేకబ్స్ ‘బిల్డర్స్ ఆఫ్ ఎంపైర్’ (2007)లో ఈ సామ్రాజ్య విస్తరణ కథను వివరంగా చెప్పారు. మానవులంతా సోదరులని పాడే సంఘం, పాలితుడు తలుపు తట్టినప్పుడు ఏం చేసిందన్నది ఆ గ్రంథంలో నన్ను పట్టి చదివించిన భాగం.

1770లలో ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమరా తిరుచిరాపల్లిలో దీక్ష పొందాడు. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి మురిసిపోయి అభినందన లేఖ, సింగారించిన నీలి ఆప్రాన్, నియమావళి గ్రంథం పంపింది. నవాబు కొడుక్కి తలుపు సులువుగానే తెరుచుకుంది. బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీ ప్రముఖుడికి తెరుచుకోలేదు. అతడు పారిస్ వెళ్ళి దీక్ష తీసుకుని వచ్చినా సొంత ఊళ్ళో ఇంగ్లీషు లాడ్జి రానివ్వలేదు. 1843లో జేమ్స్ బర్న్స్ అనే స్కాట్లండు ఫ్రీమేసన్ భారతీయుల కోసం ‘రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా’ లాడ్జి పెట్టాడు. ఈ బర్న్స్ వృత్తిచేత వైద్యుడు, కాబూల్లో హతుడైన అలెగ్జాండర్ బర్న్స్‌కు అన్న. మా వాళ్ళలో ఒకడు తలుపు తీశాడని తెలిసి కొంచెం గర్వపడ్డాను.

హిందువుకు అడ్డంకి ఇంకా గట్టిది. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తు 1863లో దరఖాస్తు పెట్టుకుంటే 1872 వరకు ప్రవేశం దొరకలేదు. అనేక దేవతలను కొలిచేవాడు ఒకే జగన్నిర్మాతను ఒప్పుకుని ప్రమాణం ఎలా చేస్తాడు, చేసినా ఏ పుస్తకం మీద చేస్తాడు అని వాదన. క్రతువు అనాదిగా మారలేదని నమ్మేవారికి ఇది కొండంత చిక్కు. నూటయాభై ఏళ్ళలో పదాలు తారుమారై, శాఖలు చీలి, కలిసి, మళ్ళీ విడిపోయిన క్రతువు, బైబిలు పక్కన మరో పుస్తకం పెట్టడానికి తొమ్మిదేళ్ళు ఆలోచించింది. వీలుకాదనడానికి ప్రాచీనత కంటే మంచి సాకు ఏముంది! పన్నెండేళ్ళ తర్వాత, 1884లో, అదే కలకత్తాలో నరేంద్రనాథ దత్తు అనే యువకుడు దీక్ష తీసుకున్నాడు. లోకం అతణ్ణి వివేకానందుడిగా ఎరుగును. 1961 నవంబరు 24న భారత గ్రాండ్ లాడ్జి ఏర్పడి రాంపూరు నవాబు తొలి అధిపతి అయ్యేనాటికి వేదిక మీద భగవద్గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథ సాహిబ్, జెండ్ అవెస్తా చేరాయి. మూడు విదేశీ ఏలుబడులలోని లాడ్జీలు కొన్ని కొత్త గొడుగు కిందికి వచ్చాయి, కొన్ని రాలేదు. పాఠాంతరాలు అలాగే ఉన్నాయి.

మూడవ దీక్షలో వారు ఆడే కథ లోకవిదితమే. ప్రిచర్డు నాటి నుంచీ అచ్చులో ఉన్నది. సాలమన్ రాజు దేవాలయం కట్టిన ప్రధానశిల్పి హైరాం. రహస్యపదం చెప్పమని ముగ్గురు పనివాళ్ళు నిలదీస్తే చెప్పక, వారి చేతిలో చచ్చిపోతాడు. అతనితో ఆ పదం పోయింది. అప్పటినుంచి మరో పదాన్ని దాని బదులుగా వాడుకుంటున్నాం అని కథ. కొత్తవాడికి చివరిమెట్టు మీద ఇచ్చేది ఆ బదులు పదమే! అసలు పాఠం పోయిందని, చేతిలో ఉన్నది ప్రత్యామ్నాయమని క్రతువే నోరారా ఒప్పుకుంటోంది. ఇది విన్నవాళ్ళే బయటికి వచ్చి మా పాఠమే అసలుదని పోట్లాడుకోవడం మనుషులకే చెల్లింది.

ఈ సంగతిని అందరికన్నా ముందు పసిగట్టినవాడు మన హైదరాబాదు మనిషేనని నాకొక ముచ్చట. మీర్ అబ్దుల్లతీఫ్ షూస్తరీ ఇరాను నుంచి వచ్చిన పండితుడు, తర్వాత నిజాముకు దివాను అయిన మీర్ ఆలంకు దాయాది. కొంతకాలం కలకత్తాలో గడిపి, హైదరాబాదులో స్థిరపడి 1800 ప్రాంతంలో ‘తుహ్‌ఫతుల్ ఆలమ్’ రాశాడు. 1806లో ఇక్కడే కన్నుమూశాడు. డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ చదివినవారికి ఈ చిరాకు పండితుడు పరిచితుడే. ఫ్రీమేసన్ల గురించి పారశీక భాషలో దొరికే తొలి వర్ణనలలో ఒకటి అతనిదే. హిందుస్థానంలోని పారశీక భాషీయులు వీరిని ‘ఫరామూష్’ అంటారని అందులో చెప్పాడు. ఆ మాటకు మరచినవాడని అర్థం. లోపల ఏం జరిగిందని ఎవరు అడిగినా జ్ఞాపకం లేదంటారట, అందుకని ఆ పేరు. ఫ్రీమేసన్ అన్న పరాయి ధ్వనిని తమ నాలుకకు తగ్గట్టు తిప్పి, అందులోంచి అర్థం పుట్టించిన శ్లేష. దశాబ్దాల తర్వాత టెహ్రానులో మల్కమ్ ఖాన్ లాడ్జిని పోలిన సంఘం పెట్టినప్పుడు దానికి ‘ఫరామూష్‌ఖానా’, అంటే మరపుశాల, అన్న పేరే వచ్చింది. 1861లో షా దాన్ని నిషేధించాడు.

ధారణావిద్యలో పరీక్ష పెట్టిన విలియం షా వారసులకు మరచినవారన్న బిరుదు! నోటితో జ్ఞాపకం లేదనడం నటన. ఆ నటన వెనుక నిజమైన మరపు కూడా ఉందని షూస్తరీకి తెలిసే అవకాశం లేదు. వెండి అగ్గిపెట్టెలు, పొడి అక్షరాల పుస్తకాలు అప్పటికి పుట్టలేదు.

షూస్తరీ పోయిన అరవై ఆరేళ్ళకు, 1872లో, నిజాం ప్రభుత్వం హైదరాబాదు ఫ్రీమేసన్లకు గోషామహల్ బారాదరిని ఇచ్చింది. గద్దె మీద ఉన్నది ఆరేళ్ళ మహబూబ్ అలీ ఖాన్, రాజ్యం నడిపింది సాలార్‌జంగ్. బారాదరి తానీషా నాటి కట్టడమని చెబుతారు. బారాదరి అంటే పన్నెండు ద్వారాల మంటపం. గాలీ వెలుతురూ నాలుగు దిక్కుల నుంచీ రావాలని, లోపల పాడేది బయటికి వినబడాలని కట్టుకునేది. లాడ్జికి కావలసింది ఒకే ద్వారం, దాని ముందు కత్తి పట్టుకుని నిలబడే కావలివాడు.